మాస్టర్ ఊళ్లో లేడు

"నీకే చేత కాలేదేమో చూడు పంకజా," అన్నాడు భర్త దీపక్, బొరుగుల ఉగ్గాణితో పాటు బజ్జీ తుంచుకుంటూ. "కొత్త మిషన్ సామాను అది. కంపెనీ వాళ్లు సుమ్నె, ఊరికే చేసి అమ్ముతారా ఏంది? నేర్చుకోవాల, అంతే."

పంకజాక్షి అప్పటికే పొయ్యి వైపు తిరిగింది. మామగారికి కారం లేకుండా విడిగా కలిపిన ఉగ్గాణి చల్లారకముందే ఆయన గదిలో పెట్టాలి. అత్తగారు సుభద్రమ్మకు చక్కెర లేని కాఫీ ఇవ్వాలి. దీపక్ కిందికి దిగి అంగడి షట్టర్ ఎత్తే వేళకు మజ్జిగ సీసా మెట్ల దగ్గర ఉండాలి. అవన్నీ అయ్యాక, వంటింటికీ వెనక వరండాకూ మధ్యనున్న ఇరుకు నడవలోకి వచ్చి తన కుట్టు మిషన్ ముందు కూర్చుంది.

మిషన్ అక్కడికి చేరడానికి కారణం కుక్కర్. పెళ్లయి వచ్చిన కొత్తలో దాన్ని వీధి వైపు గదిలో, కిటికీ కింద పెట్టుకుంటానని ఆమె అడిగితే, "ముందర గదిలో వచ్చేపోయేవాళ్లు ఉంటారు. ఈడైతే కుక్కర్ కూతా వినబడుతుంది, నీకే అనుకూలం" అన్నది సుభద్రమ్మ. కౌల్ బజార్‌లో వాళ్ల బట్టల అంగడి తాతల నాటిది. కింద అంగడి, పైన ఇల్లు. వెనక సందులోని షెడ్లలో జీన్స్ ప్యాంట్లు కుడతారు. ఆ మిషన్ల హోరు పగలంతా ఆగదు. ఆ హోరులో పంకజాక్షి మిషన్ చప్పుడు ఆమెకే సరిగ్గా వినబడదు. కింద అంగట్లోకి వచ్చేవాళ్లకు అసలు వినబడదు.

ఇప్పుడు మిషన్‌కు తగిలించి ఉన్నది ఫ్రిల్లులు వేసే అటాచ్‌మెంట్. పిల్లలకు డాన్సు నేర్పే వీణ మేడం వార్షికోత్సవానికి ఫ్రాకులు కావాలని అడిగింది. ఒక్కో ఫ్రాకుకు మూడు వరసల ఫ్రిల్లులు. ఇన్నాళ్లూ పంకజాక్షి ఫ్రిల్లంటే గుడ్డ అంచున వదులు కుట్టు వేసి, దారం లాగి, కుచ్చులన్నిటినీ గోటితో సమంగా సర్దేది. ఒకటి రెండు ఫ్రాకులకు అలా చేయవచ్చు. డాన్సు క్లాసు మొత్తానికి చేయాలంటే వేళ్లు పడిపోతాయి. అందుకని అడగగా అడగగా దీపక్ ఇది తెచ్చిచ్చాడు.

అరచేతిలో ఇమిడేంత ఇనుప వస్తువు. మిషన్ పాదం విప్పి దాని చోట దీన్ని బిగించాలి. దీనికొక చేయి, ఆ చేయి కొసన రెండు వేళ్లలాంటి చీలిక. ఆ చీలిక, సూదిని పట్టి ఉంచే స్క్రూ మీద కూర్చోవాలి. సూది పైకీ కిందికీ ఆడినప్పుడల్లా స్క్రూ ఆ చేతిని ఎత్తి దించుతుంది. అప్పుడు అడుగునున్న పళ్ల రేకు గుడ్డను ముందుకు తోసి మడత పెడుతుంది, మడత మీద కుట్టు పడుతుంది. చూడడానికి ఇంతే. కానీ మొదట మూడు మడతలు ముచ్చటగా పడి, నాలుగోది పడలేదు. ఆ పైన రెండు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. తర్వాత జానెడు గుడ్డ ఏ మడతా లేకుండా జారిపోయింది. ఇంకోసారి తొక్కితే చీలిక స్క్రూ మీద నుంచి జారి, టప్పుమని సూది విరిగింది.

కొత్త సూది ఎక్కించింది. సాటిన్ జారుతుందేమోనని నూలు గుడ్డ పెట్టి చూసింది. దారం బిగువు తగ్గించింది. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే దేనివల్ల కుదిరిందో తెలియదని ఆమెకు తెలుసు. కానీ ఆ ఒకటి మార్చేలోపల కుక్కర్ కూసేది. కుక్కర్ దించి వస్తే కింది నుంచి ఫోను: "పంకజా, ఆ గులాబీ చీర ఫాల్ అయ్యిందా? వాళ్లొచ్చి కూర్చున్యారు." అది ఇచ్చి వస్తే మామగారికి వేడినీళ్లు. తిరిగి వచ్చి కూర్చునేసరికి, తాను చివర ఏం మార్చిందో గుర్తుండేది కాదు. మళ్లీ మొదటి నుంచి.

తప్పెక్కడుందో వెతకాలంటే పంకజాక్షి ఎప్పుడూ తన దగ్గరే మొదలుపెట్టేది. అది ఆమెకు ఈ ఇంట్లో అబ్బిన అలవాటు. పప్పు ఉడక్కపోతే పప్పు పాతదని ఎవరూ అనరు, నీళ్లు సరిగ్గా పోయలేదంటారు. ఇప్పుడు హాస్టల్లో ఉన్న కొడుక్కి అప్పట్లో పీయూసీలో లెక్కల మార్కులు తగ్గితే, "తల్లి దగ్గర కూర్చొని చదివించల్లేదా" అన్నారు. ఆ వేళకు తల్లి ఎవరి రొట్టెలు కాలుస్తున్నదో అడగలేదు. రెండోసారి కడుపు నిలబడనప్పుడు, "మెట్లెక్కి దిగొద్దంటే వింటివా" అన్నది సుభద్రమ్మ. డాక్టరమ్మ కూడా మెట్ల గురించి అడిగింది. పంకజాక్షి అప్పుడు ఆస్పత్రి మంచం మీద పడుకొని, అవును, మెట్లెక్కకుండా ఉండాల్సింది అనుకుంది. ఆ మెట్ల మీదుగా రోజుకు ఇన్నిసార్లు కాఫీలు, టిఫిన్లు ఎవరికోసం పోయేవో ఆ మాట అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆమెకు కూడా తోచలేదు. ఇప్పుడు సూది దారం తెంపుతుంటే, కాలు పెడల్ మీద ఎక్కువ నొక్కుతున్నానేమో, చెయ్యి గుడ్డను లాగుతున్నదేమో అని తన కాలినీ చేతినీ చూసుకుంటూ కూర్చుంది.

కుట్టడం ఆమెకు చేతకానిది కాదు. అంగట్లో వేలాడే చిన్నపిల్లల ఫ్రాకులన్నీ ఆమె కుట్టినవే. కాకపోతే ఆ సంగతి బజారుకు తెలియదు. మొదటి ఫ్రాకు ఆమె మిగులు ముక్కలతో సరదాకు కుట్టి ఇస్తే, దీపక్ దాన్ని అంగట్లో తగిలించాడు. ఎవరో వచ్చి, "ఎవరు కుట్టిందప్పా, బాగుండాది" అంటే, "మా టైలర్ మాస్టర్" అన్నాడు. పంకజాక్షి అప్పుడు టిఫిన్ క్యారియర్‌తో మెట్ల మీద ఉంది. నవ్వొచ్చింది ఆమెకు. రాత్రి అడిగితే, "ఇంట్లో ఆడోళ్ల చేత కుట్టిస్తాండాడని బజార్లో అనుకోరా? మన ఇంటి మర్యాద ఏం గావాల?" అన్నాడు. ఆ మాట కూడా ఆమెకు అప్పుడు ప్రేమలాగే వినబడింది.

మాస్టర్ మెల్లగా పెరిగాడు. అతనికి ఒక స్వభావం వచ్చింది: మంచోడే గానీ ముక్కోపి, తొందర పెడితే పని వదిలేసి పోతాడు. అతనికి సెలవులు వచ్చాయి. పంకజాక్షికి జ్వరం వస్తే, "మాస్టర్‌కు బాగలేదు, వారం ఆగండి" అనేవాడు దీపక్. కస్టమర్లు అడిగిన మార్పులు పైకొచ్చి ఆమెను అడిగి, కిందికి పోయి, "మాస్టర్ అట్ల కుదరదంటున్నాడు" అని చెప్పేవాడు. పోయిన దీపావళికి ఎవరో పెద్దావిడ మాస్టర్ కోసమని మిఠాయి డబ్బా ఇచ్చింది. దీపక్ దాన్ని పైకి తెచ్చి, నవ్వుతూ తల్లికి ఇచ్చాడు. ఆ డబ్బా ఎవరికి వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ ఒక్క క్షణం ఆగి అనుకోలేదు. అందులోని మైసూర్‌పాక్ ముక్క ఒకటి పంకజాక్షి కూడా తిన్నది.

సాయంత్రం దీపక్ ఆమెను బైకు మీద భీమేష్ అంగడికి తీసుకుపోయాడు. మిషన్ల విడిభాగాలు అమ్మే చిన్న దుకాణం అది. అటాచ్‌మెంట్ కొన్నది అక్కడే.

"మడతలు పడల్లేదంటాది మా ఇంట్లోది," అన్నాడు దీపక్.

"మూడు పడతాయి, నాలుగోది తప్పుతుంది," అన్నది పంకజాక్షి. "నూలు గుడ్డ మీదా అంతే. సూది మార్చినా."

భీమేష్ ఆమె చెప్పింది విని దీపక్‌కు జవాబిచ్చాడు. "మేడంకు అలవాటు లేదన్నా. ఆడోళ్లు జోరుగా తొక్కుతారు. మెల్లగ పోవాల. ఇట్ల తెండి." అటాచ్‌మెంట్ తీసుకొని, అమ్మకానికి పెట్టిన మిషన్‌కు బిగించాడు. గుడ్డ ముక్క దూర్చి తొక్కాడు. మడతలు ఒకే కొలతతో, ఒకదాని వెనక ఒకటి వరసగా బయటికి వచ్చాయి. ఒక్కటీ తప్పలేదు.

"చూసినావా? పొద్దున్నే చెప్తి నేను," అన్నాడు దీపక్. బాబిన్లు కొనడానికి వచ్చిన ఇద్దరు మగవాళ్లు నవ్వారు. భీమేష్ కూడా నవ్వాడు, వెక్కిరింతగా కాదు, చిన్నపిల్లల్ని చూసి నవ్వినట్టు. "ఏం ఫికర్ లేదు మేడం. దినాలు గడిస్తే వస్తాది."

పంకజాక్షి కొంగు సర్దుకొని పోదామనుకుంది. కానీ చూపు మాత్రం ఆ మిషన్ సూది దగ్గరే నిలిచిపోయింది. "ఇంకోసారి తొక్కండి," అన్నది. భీమేష్ తొక్కాడు. ఈసారి ఆమె మడతల్ని చూడలేదు, చీలికను చూసింది. ఆ మిషన్‌కు సూదిని పట్టిన స్క్రూ లావుగా ఉంది. చీలిక రెండు వేళ్లూ దాన్ని ఇటూ అటూ తాకి పట్టుకున్నాయి. సూది కదిలిన క్షణంలోనే చేయి కూడా కదులుతున్నది. తన మిషన్‌లో అలా కాదు. సూది కాస్త దూరం పోయాక గానీ చేయి లేవదు. ఆ కాస్త దూరం దగ్గరే మడత తప్పిపోతున్నది.

"ఇట్లాంటి స్క్రూ ఒకటి ఇస్తారా?" అని అడిగింది.

"స్క్రూలో ఏముంటాదన్నా," అన్నాడు భీమేష్ దీపక్ వైపు తిరిగి. "చేయి కుదరాల."

"ఆయ్తు, సరే, నేర్చుకుంటాదిలే," అని దీపక్ అప్పటికే బైకు స్టార్ట్ చేశాడు.

బైకు వెనక కూర్చొని పంకజాక్షి ఆ స్క్రూ గురించే ఆలోచించింది. మిషన్‌తో వచ్చిన అసలు స్క్రూ మరలు అరిగి ఎప్పుడో పాడైపోయింది. కొత్తది తెచ్చిపెట్టమని దీపక్‌ను అడిగింది. పదిసార్లు అడిగాక, పాడైన టేబుల్ ఫ్యాన్ నుంచి సన్నటిది ఒకటి ఊడదీసి తెచ్చి, తానే బిగించి, "సరిపోతుందిలే" అన్నాడు. సూది నిలిచింది కాబట్టి ఆమె కూడా సరిపోయిందనే అనుకుంది. కొత్త స్క్రూ కోసం బజారుకు పోవాలని అతనికి తోచలేదు. తానే పోయి కొనుక్కోవచ్చునని ఆమెకు తోచలేదు. రెండిట్లో ఏది ఎక్కువ తప్పో ఆమె తేల్చుకోలేకపోయింది. ఒకటి మాత్రం ఖాయంగా తెలిసింది. అటాచ్‌మెంట్ మంచిదే. తన చేయీ మంచిదే. ఈ విషయం ఇప్పుడు దీపక్ భుజం తట్టి చెప్పవచ్చు. చెప్తే, "స్క్రూ నేను వేసిందే అంటావా, నా మీద తోస్తాండావా" అంటాడు. చెప్పకుండానే ఇల్లు చేరింది.

మరునాడు పొద్దున దీపక్ అంగట్లోకి దిగాక, పాత ఇస్త్రీ పెట్టె వైరు ముక్క ఒకటి వెతికి పట్టుకుంది. రాగి తీగలు లాగేసి, పైనున్న రబ్బరు తొడుగును బ్లేడుతో ఉంగరంలా కోసింది. అది సన్న స్క్రూ మీదికి ఎక్కాలి, చీలికలో ఇరుక్కోకుండా నిండుగా ఉండాలి. మొదటిది వదులైంది. రెండోది మందమై చీలికలో దూరలేదు. నడవలో వెలుతురు చాలక కళ్లు గుంజుతున్నాయి.

"ఏం చేస్తాండావే? కాఫీ యాడ?" అంటూ సుభద్రమ్మ వచ్చింది.

"అత్తా, ఈ ఫోను లైటు ఒంచూరు ఇట్ల పట్టుకోండి," అన్నది పంకజాక్షి తల ఎత్తకుండానే.

అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లలో అత్తగారికి ఒక పని చెప్పడం అదే మొదలు. సుభద్రమ్మ ఫోను వైపూ కోడలి వైపూ చూసింది. తర్వాత ఫోను అందుకొని, వంగి, వెలుతురు సూది మీద పడేలా పట్టుకుంది. పంకజాక్షి మూడో ఉంగరం కోసి ఎక్కించింది. చీలికను దాని మీద కూర్చోబెట్టి వేలితో కదిపి చూసింది. కదల్లేదు. ముందు చేత్తో చక్రం తిప్పింది. సూది లేస్తే చేయి లేచింది, సూది దిగితే చేయి దిగింది. అప్పుడు గుడ్డ దూర్చి, ఆరు కుట్లకొక మడత పడేలా అటాచ్‌మెంట్ మీట ఆరు అంకె దగ్గర పెట్టి, పెడల్ తొక్కింది. మడత, మడత, మడత. నాలుగోది పడింది. అయిదోది పడింది. ఆ పైన ఆమె లెక్కపెట్టలేదు. గులాబీ సాటిన్ పట్టీ ఫ్రిల్లుగా మారి మిషన్ వెనక నుంచి ఆమె ఒళ్లోకి, ఒళ్లోంచి కిందికి జారుతూ పోయింది.

సుభద్రమ్మ ఫోను పక్కన పెట్టి ఆ ఫ్రిల్లును వేళ్ల మధ్య నడిపించింది. "బాగొచ్చిందే," అన్నది. ఫ్రిల్లు వదలకుండానే, "మొన్న శెట్టి ఇంటామె అడిగింది, మీ మాస్టర్ యా ఊరోడని. గుంతకల్లోడని చెప్తి," అన్నది.

"మీ కొడుకు హుబ్బళ్లి అని చెప్తున్నారు."

సుభద్రమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఎందుకట్ల చెప్తినో నాకే తెలీదు. నోటికట్ల వచ్చేసింది," అని, "నువ్వు కూర్చో. కాఫీ నేను పెట్టుకుంటా" అంటూ వంటింట్లోకి పోయింది. ఆమె కాఫీకి పెట్టిన పాలు పొంగి పొయ్యంతా పారాయి. పంకజాక్షికి ఆ వాసన వచ్చింది. లేవలేదు.

మధ్యాహ్నానికి నమూనా ఫ్రాకు తయారైంది. వీణ మేడం వచ్చిందనీ, దాన్ని కిందికి తెమ్మనీ దీపక్ ఫోను చేశాడు. పంకజాక్షి ఫ్రాకును చేతి మీద పరచుకొని దిగింది. అంగట్లో వీణ మేడం, ఆమె పక్కన పదేళ్ల పిల్ల. పిల్ల బిర్రుగా, కాస్త ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది. చొక్కా కింద నుంచి గట్టి ప్లాస్టిక్ కవచం అంచు పైకి కనబడుతున్నది. వెన్ను వంకర తిరగకుండా డాక్టర్లు వేసే బెల్టు.

ఫ్రాకు చూసి వీణ మేడం ముఖం విప్పారింది. "చెన్నాగుంది. ఫ్రిల్ ఎంత నీట్‌గా వచ్చిందో! దీపక్‌గారూ, మాస్టర్‌ను ఒకసారి పిలవండి. ఈ పాప పేరు వినూత. బెల్టు తీయకూడదు. పోయినేడు డ్రెస్సు ఒరుసుకొని వీపంతా పుండైంది, స్టేజీ ఎక్కలేకపోయింది. ఈసారి మాస్టర్ కళ్లతో చూసి కుట్టాల."

"మాస్టర్ ఊళ్లో లేడు మేడం. హుబ్బళ్లికి పోయినాడు," అన్నాడు దీపక్. తడుముకోకుండా అన్నాడు. "కొలతలు రాసిచ్చి పోండి, నేను చెప్తా."

"కొలతలతో ఆగల్లప్పా, సరిపోదు. చూడాల."

"అట్లంటే మిగతా పిల్లోళ్లవి కుట్టించేస్తాం. ఈ పాపకు మీరు రెడీమేడ్ ఏదన్నా చూసుకోండి."

వినూత, ఆ మాట ముందే తెలిసినట్టు, నేల మీద పరిచిన చాప అంచును కాలి బొటనవేలితో గీకుతూ నిలబడింది. వీణ మేడం ఇంకేదో చెప్పబోయింది. ఈలోగా పంకజాక్షి ఫ్రాకును గల్లా బల్ల మీద పెట్టి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇట్ల రామ్మా. యాడ ఒరుస్తుంది నీకు?"

"ఈడ," అన్నది పిల్ల నడుము పైన చూపించి. "కూర్చుంటే. ఇంగా ఈడ, చేయెత్తితే."

పంకజాక్షి చొక్కా మీద నుంచే బెల్టు అంచు పొడవునా వేలు పోనిచ్చింది. నడుము కుట్టు సరిగ్గా ఆ అంచు మీదే పడుతుంది. దాన్ని రెండు వేళ్లు పైకి తీసుకోవాలి. వెనక జిప్పు పనికిరాదు, పక్కన విప్పుకునేలా పెట్టాలి. లోపల మెత్తటి నూలు గుడ్డ. మొదటి ఫ్రిల్లు ఛాతీ కిందే మొదలైతే బెల్టు కనబడదు కూడా. ఇదంతా ఆమె పిల్లతోనే మెల్లగా చెప్తున్నది. పిల్ల తల ఊపుతున్నది.

"మీకు కుట్టు తెలుసా?" అన్నది వీణ మేడం.

దీపక్ నవ్వాడు. "మా ఇంట్లోది మేడం. మాస్టర్‌కు గుండీలు గిండీలు వేసిస్తాంటాది. మాస్టర్ రానీండి..."

"మాస్టర్ రాడు మేడం," అన్నది పంకజాక్షి. మోకాళ్ల మీదే ఉంది, తల మాత్రం ఇటు తిప్పింది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. "అట్లాంటోడు ఎవరూ లేరు. ఈ అంగట్లో ఫ్రాకులన్నీ నేనే కుడతాండా. మొదట్నించీ."

అంగట్లో ఉన్న మరో ఇద్దరు కస్టమర్లు చీరల మీద నుంచి తలలెత్తారు. దీపక్ చేతిలోని గుడ్డ తాను సగం విప్పినది విప్పినట్టే ఉండిపోయింది. "పంకజా," అన్నాడు గొంతు తగ్గించి, "పైకి పో. తర్వాత మాట్లాడుకుందాం."

"కొలతలు తీసుకోనీండి. ఆ టేపు ఇట్లియ్యండి."

దీపక్ ఇవ్వలేదు. టేపు వీణ మేడమే అందుకొని ఇచ్చింది. ఆమె పంకజాక్షి వైపే తిరిగి, "చేతులు పైకెత్తి తిరిగే స్టెప్ ఒకటుంది. అది చేయించి చూడండి, లాగుతుందేమో" అన్నది. వినూత చేతులెత్తి తిరిగింది. మొదటిసారి సిగ్గుపడుతూ, రెండోసారి సరిగ్గా. పంకజాక్షి చంక కిందా, వీపు మీదా, ఊపిరి పీల్చమనీ వదలమనీ చెప్పి కొలిచింది. రాసుకోవడానికి గల్లా బల్ల మీది పెన్ను తీసుకుంటే దీపక్ అడ్డం చెప్పలేదు. అతని ముఖంలో కోపం కంటే ముందు వేరే ఏదో కనబడింది. కొత్త మనిషి ఎవరో అంగట్లోకి వచ్చినట్టు చూస్తున్నాడు. కోపం తర్వాత వస్తుంది, అన్నం దగ్గర వస్తుంది, రెండు మూడు దినాలు ఉంటుంది. పంకజాక్షికి ఆ కోపం కొలతలు కూడా తెలుసు.

"వేసి చూసుకోవడానికి ఎప్పుడు రావాల ఆంటీ?" అని అడిగింది వినూత.

"ఆదివారం."

"పైన మీ ఇంటికా?"

పంకజాక్షి లేచి నిలబడింది. మోకాళ్లు దులుపుకుంది. అంగడి ముందు భాగంలో, వీధి వెలుగంతా పడే చోట, పట్టుచీర కట్టిన బొమ్మ నిలబడి ఉంది.

"లేదమ్మా. ఈడికే రా, నేను ఈడనే ఉంటా," అన్నది. తర్వాత దీపక్ వైపు తిరిగింది. "ఏమండీ, ఆ బొమ్మను పక్కకు జరపాల. మిషన్‌కు వెలుతురు కావాల."